సూర్‌లో వినిపించిన సిరిల్ మాస్టారు

ఒమాన్ నుంచి వచ్చి మూడు వారాలైంది. బంగారం తెచ్చావా, ఖర్జూరాలేవీ అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. ఖర్జూరాలు తెచ్చాను, అయిపోయాయి. బంగారం కొనే మొహమే అయితే ఈ వయసులో స్కూళ్ల చుట్టూ చర్చీల చుట్టూ పియానోలు శ్రుతి చేసుకుంటూ ఎందుకు తిరుగుతాను? నేను అక్కడ ఏం విన్నానో మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పే అలవాటు నాకుంది కాబట్టి చెబుతున్నాను.

నా పేరు సుగుణ. ఉండేది సికింద్రాబాద్‌లో. మా నాన్న దావీదు పియానోలు శ్రుతి చేసేవాడు. ఆయన తర్వాత ఆ సంచి నా భుజానికెక్కింది. మారేడ్‌పల్లిలో షీలా అని ఒకావిడ ఉంది, ఏడాదికి రెండుసార్లు ఆవిడ పియానో చూస్తాను. ఆవిడే ఒకరోజు, "మస్కట్‌లో మా పిన్ని పియానో ఒకటుంది, వాళ్లు అక్కడ ఇల్లు ఖాళీ చేసి కూనూరు వచ్చేస్తున్నారు, పియానోని ఒక స్కూలుకి ఇచ్చేస్తారట, ఇచ్చే ముందు బాగుచేయించాలంటోంది, వెళ్తావా?" అంది. విమానమెక్కి పోయి పియానో బాగుచెయ్యడమేమిటని నవ్వాను. "పిన్నిది బిట్రగుంట. వాళ్ల నాన్న సిరిల్ అని గార్డుగా చేసేవాడు" అంది. నా నవ్వు ఆగిపోయింది. టికెట్ పంపమన్నాను.

సిరిల్ మాస్టారు నాకు తెలుసు. నా పదేళ్ల వయసులో ఆయన వాయించే పియానోని పాడుచేశాను నేను.

మస్కట్: సంచిలో సుత్తి

మొదటి అవాంతరం విమానాశ్రయంలోనే. నా పనిముట్ల సంచి తెరవమన్నారు. అందులో శ్రుతి చావి, చూడ్డానికి సుత్తిలాగే ఉంటుంది. రబ్బరు ముక్కలు, తీగ చుట్టలు, పట్టకారు, ఇనప కడ్డీలు. తెల్లటి పొడుగు చొక్కా, తలకు కుట్టుపూల టోపీ పెట్టుకున్న అబ్బాయి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదేమిటి?" అంటాడు. "పియానోకి" అంటాను. "నువ్వు వాయిస్తావా?" "వాయించను." "మరెందుకు?" నాకు కోపం వచ్చేసింది. ట్యూనింగ్ ఫోర్కు తీసి మోకాలికి కొట్టి, దాని కాడ ఆ బల్లకు ఆనించాను. బల్లంతా ‘ఊ’ అని పలికింది. ఆ అబ్బాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, తర్వాత పక్కనున్న స్నేహితుణ్ణి పిలిచి ఇంకోసారి కొట్టమన్నాడు. మూడుసార్లు కొట్టించుకుని, అన్నీ మళ్లీ వరసగా సర్ది, సంచి జిప్పు కూడా తనే వేసి ఇచ్చాడు. మన దగ్గరైతే నేనే ఏరుకోవాలి.

బయట నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని లింబాద్రి నిలబడ్డాడు. డోరీనక్క, అదే షీలా పిన్ని, వాళ్ల డ్రైవరు, నలభై ఏళ్లుంటాయి, ఊరు ఆర్మూరు దగ్గర. "అమ్మా, జర్నీ మంచిగైందా? ఏమన్న తిన్నరా?" అన్నాడు. పరాయి దేశంలో అడుగుపెట్టగానే మొదటి మాట తెలుగులో, అదీ తిండి గురించి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అజైబా: రెండో అంతస్తు పియానో

అజైబా మస్కట్‌లోనే ఒక పేట. షాపులు, ఆఫీసులు, తెల్లటి ఇళ్లు, మధ్యలో వెడల్పాటి రోడ్లు. హారన్ కొట్టేవాడు లేడు. మొదటి పూట నాకు చెవుల్లో దూది పెట్టినట్టే అనిపించింది. డోరీనక్క వాళ్లది రెండో అంతస్తు. ఆవిడకి ఎనభై దాటాయి. పొట్టి జుట్టు, పూల గౌను, రెండు సన్నటి వెండి గాజులు. కూతురికి బ్యాంకులో ఉద్యోగం, పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. పగలంతా తోడు ఓబులమ్మ. కడప జిల్లా మనిషి, ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది.

నేను ఇంగ్లీషులో నమస్కారం చెప్పబోతే డోరీనక్క, "ఏందమ్మే, దావీదు కూతురివి గదా, నాతో ఇంగ్లీషేంది?" అంది. నెల్లూరు తెలుగు, అరవై ఏళ్ల కిందట ఊరు వదిలినప్పుడు మూటగట్టుకుపోయినట్టుంది, ఒక్క మాట మారలేదు. ఓబులమ్మ నవ్వింది. అక్కడ ఇంటి యజమానురాల్ని మామ అంటారట. "మామ ఇట్ల మాట్లాడతాదని నాకే ఏడాదికి గానీ తెలీలేదక్కా. నేను ఫోన్లో మా ఇంటోళ్లతో గుట్టుగా చెప్పుకునేవన్నీ యినేసింది."

పియానో మీద ఉప్పుగాలి బాగానే పనిచేసింది. తీగలు తుప్పు, లోపల తీగల్ని కొట్టే సుత్తుల్లో రెండింటికి చెదలు. గట్టిగా రెండు రోజుల పని. మొదలుపెట్టే ముందు ఏదైనా వాయించండి, ఎక్కడ తేడా ఉందో వింటాను అన్నాను. ఆవిడ కూర్చుని, ముందు గాజులు రెండూ తీసి పియానో మీద పెట్టి, ఒక భక్తిగీతం వాయించింది. శుభ్రంగా, తప్పు లేకుండా, టైపు కొట్టినట్టు.

"గాజులెందుకు తీశారు?"

"డాడీ గోల చేసేవాడు, వాయిస్తుంటే గలగలమంటయ్యని. అలవాటు పడిపోయినా."

నాన్న మాట వచ్చింది కదాని, మాస్టారు కట్టిన పాట ఏదైనా వాయించండి అన్నాను. ఆవిడ మూత వేసేసింది. "అవి నాకు రావు. నువ్వు పని చూసుకో" అని లోపలికి పోయింది. నేను నోరు మూసుకున్నాను. అది నాకు అంత తేలికైన పని కాదని ఎరిగినవాళ్లకి తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి వంజరం పులుసు, చింతపండు దట్టంగా వేసి. అన్ని సరుకులూ రువీ బజారులో దొరుకుతాయట, కరివేపాకు కూడా. మన దగ్గర కూరలు కొంటే ఊరికే పడేసే కరివేపాకుని ఇక్కడ ప్యాకెట్టు కట్టి అమ్ముతారంటే, నాకు ఇంటికి పోయాక మా కూరలమ్మే ఆవిడకి దండం పెట్టాలనిపించింది.

టీ గిన్నె పక్కన చెప్పిన మాట

రెండో రోజు సాయంత్రానికి పని అయిపోయింది. ఓబులమ్మ టీ తెచ్చింది. డోరీనక్క వచ్చి ఒక్కో మెట్టూ నొక్కి చూసి, "మీ నాయన చెయ్యే" అంది. నాకు కళ్లు చెమర్చాయి. మా నాన్న గురించి అంతకంటే గొప్ప మాట ఎవరూ అనలేదు. బహుశా ఆ చెమ్మ చూసేనేమో, ఆవిడే మొదలుపెట్టింది.

సిరిల్ మాస్టారి కథ నాకు సగమే తెలుసు. లోకో షెడ్డు ఫిట్టరు కొడుకు. పంతొమ్మిదో ఏట మద్రాసు పారిపోయి, ఓడలో బ్యాండుతో కొలంబో, రంగూన్ తిరిగి, బొంబాయి హోటల్లో పియానో వాయించాడు. జాజ్ అంటే ఏమిటో మన దేశంలో పదిమందికి కూడా తెలియని రోజులవి. ఆయన ఎడమ చెయ్యి రైలు చక్రాల్లా ఒకే లయలో పోతుంటే, కుడి చెయ్యి కిటికీలోంచి చూసే పిల్లాడిలా ఇష్టమొచ్చిన చోటికి పోయేదని మా నాన్న చెప్పేవాడు. సొంతంగా కట్టిన పాటలకి పేర్లు కూడా రైళ్లవే. ‘లేటు ప్యాసింజరు’, ‘సిగ్నల్ పడలేదు’. నాలుగు గ్రామఫోను రికార్డులు వచ్చాయి. యుద్ధంతో హోటళ్లు మూతపడి, బ్యాండు చెల్లాచెదరై, మాస్టారు బిట్రగుంటకే వచ్చి గార్డు ఉద్యోగంలో చేరాడు. ఇక శనివారం శనివారం రైల్వే వాళ్ల క్లబ్బులో డాన్సులకి వాయించడమే. నాలుగు రికార్డుల్లో మూడు పగిలిపోయాయి. నాలుగోది డోరీనక్క దగ్గరుంది, అంచు విరిగి.

"నన్ను పియానోలో పెద్దదాన్ని చెయ్యాలనుకున్నాడు. నేను నర్సు ట్రైనింగుకని బొంబాయి పోయి, అక్కడే పెళ్లి చేసుకున్నా. పెళ్లికి రాలా. ఉత్తరం రాయలా. ఏడాది తర్వాత ఒక టేపు పంపించినాడు, చుట్ట టేపు. నేను పసిబిడ్డగా ఉన్నప్పుడు నా కోసం కట్టిన పాటొకటుంది, నెమ్మది పాట అనేవాళ్లం ఇంట్లో. అది వాయించి పంపినానని మీద రాసుంది. రేడియో షాపులో వేయించుకుని విన్నా."

ఓబులమ్మ టీ కప్పు ఆవిడ చేతికి దగ్గరగా జరిపింది.

"నెమ్మది పాటని పరిగెత్తించినాడు సుగుణా. సర్కస్‌లో కోతికి వాయించినట్టు, కీచుకీచుమని. నా పాటని ఎగతాళి చేసి పంపినాడు. సగంలో ఆపమన్నా. షాపులో వాళ్లు నవ్వుతుండారు. జవాబు రాయలా నేను. తొమ్మిది నెలలకి చచ్చిపోయినాడు."

ఆ టేపు ఇంకా ఉంది. అలమారాలో, బిస్కట్ల డబ్బాలో. కూనూరు పోయే సామాన్లలో అది లేదు, పారేసే సామాన్లలో ఉంది. ఓబులమ్మ నాకు చూపించింది.

నేనిక నోరు తెరవక తప్పలేదు. ఆ టేపు రికార్డు చేసిన రోజు నేనక్కడ ఉన్నాను. మాస్టారు నెమ్మదిగా వాయించాడు, ఎంత నెమ్మదిగా అంటే నాకు నిద్రొచ్చింది. అదే చెప్పాను. డోరీనక్క నా వంక చూసి, "పదేళ్ల పిల్లవి, నీకేం గుర్తుంటది" అంది. నాకు కోపం వచ్చింది. నా చెవి మీద అనుమానపడితే వస్తుంది నాకు.

"ఇంకోసారి విందాం" అన్నాను.

"మిషనేదీ? ఇప్పుడెవరి దగ్గరుంటది?"

గుమ్మం దగ్గర టీ తాగుతున్న లింబాద్రి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, సూర్ల ఒక ముసలాయన ఉన్నడు. పాత రేడియోలు, టేపులు బాగు జేస్తడు. నేను ఆడ ఏసీ కంపెనీల జేసినప్పుడు మా రూమ్ల టేపురికార్డరు ఆయనే చేసిచ్చిండు. చుట్టలు తిరిగే మిషన్ గూడ ఉంటది."

డోరీనక్క రానంది. ఓబులమ్మ సూర్‌లో చేపలు తాజాగా ఉంటాయంది. అయినా రానంది. చివరికి నేను, "అయితే నాకిచ్చెయ్యండి, పారేసేదే కదా, నేను విని పారేస్తాను" అన్నాను. పొద్దున ఐదున్నరకి చూస్తే ఆవిడ బూట్లు వేసుకుని సోఫాలో కూర్చునుంది.

సూర్ దారి: డాష్‌బోర్డు మీద సెల్లులు

మస్కట్ నుంచి సూర్ దాకా ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం. కొండల మీద గడ్డిపోచ కూడా లేదు, కాల్చిన ఇటుక రంగు. చెట్టు లేని కొండ ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. వంద మైళ్లకు పైగా దారి, ఒక్క గుంట లేదు. మా వీధి చివర గుంటకి ఓటర్లందరం కలిసి పేరు పెట్టుకున్నాం, ఆ సంగతి లింబాద్రికి చెబితే స్టీరింగు మీద పడి నవ్వాడు.

ఖురియాత్ దగ్గర ఆగి కరక్ చాయ్ తాగాం. చిక్కటి పాలు, ఏలకులు, కాగితం కప్పులో నూటయాభై బైసాలు, మన డబ్బుల్లో ముప్పై పైచిలుకు. షాపువాడు కారు దగ్గరికే తెచ్చిస్తాడు, దిగక్కర్లేదు. ఓబులమ్మ కట్టిచ్చిన ఉగ్గాని విప్పాం. బొరుగులు, పుట్నాల పొడి, పచ్చిమిరపకాయ. పక్క కారులోని ఒమానీ పెద్దాయన చూస్తుంటే ఒక పొట్లం ఇచ్చాను. తిని, కళ్లు తుడుచుకుని, ఒక సంచెడు నిమ్మకాయలు మా కారులో పెట్టి పోయాడు. కారానికి విరుగుడనుకున్నాడేమో పాపం.

కారు ముందు అద్దం కింద ఎండలో ఆరు టార్చి సెల్లులు పరిచి ఉన్నాయి, పెద్దవి. ఇవేమిటి లింబాద్రీ అన్నాను.

"టార్చి సెల్లులమ్మా. దుక్మ్‌ల క్యాంపుల ఉన్నప్పుడు కొన్న. సైటు నుంచి రూముకు చీకట్ల నడవాలె, టార్చి లేకపోతే నడవదు. డిమ్మైతున్నయి. ఎండల పెడితే ఇంక నాలుగు రోజులు కొడుతయి."

"కొత్తవి కొనుక్కోరాదూ."

"పానం ఉన్నదాన్ని ఎట్ల పారేస్త?"

మా ఇంట్లో కూడా అంతే. గోడ మీద వరసగా సెల్లులు ఎండేసేవాళ్లం, వడియాల పక్కన. సగం చచ్చిన సెల్లుని ఎండలో పెట్టి లేపొచ్చని నమ్మేవాళ్లు భూమ్మీద మనం కాక ఇంకెవరైనా ఉన్నారో లేదో. డోరీనక్క వెనక సీట్లోంచి, "డాడీ కూడా అంతే" అంది. ఆ రోజు ఆవిడ తనంతట తాను అన్న మొదటి మాట అది.

సూర్: ఏం కబుర్లు?

సూర్ చిన్న ఊరు. తెల్లటి ఇళ్లు, ఒడ్డున చెక్కపడవలు, చేపల వాసన. పడవలు చేసేచోట ఒక కేరళ ముసలాయన కూర్చుని టేకు దుంగ చెక్కుతున్నాడు. గీత గియ్యలేదు, కంటితోనే. నేను కాసేపు నిలబడిపోయాను. చెవితో పనిచేసేదాన్ని కదా, కంటితో పనిచేసేవాణ్ణి చూస్తే గౌరవం కలుగుతుంది.

రేడియోలాయన పేరు సయీద్. ఎనభై దగ్గర ఉంటాయి. కుర్రతనంలో బొంబాయిలో రేడియో పని నేర్చుకున్నాడట, హిందీ గడగడా మాట్లాడతాడు. షాపు మన ఇరానీ హోటలు వంటగదంత ఉంది, నేల నుంచి కప్పు దాకా రేడియోలే.

వెళ్లగానే టేపు చూపించబోయాను. ఆయన పట్టించుకోలేదు. కూర్చోమన్నాడు. ఖర్జూరం ఇచ్చాడు, చిన్న కప్పులో కహ్వా, అంటే వాళ్ల ఏలకుల కాఫీ, పోశాడు. తర్వాత ఒక్కొక్కళ్లనీ, "ఏం కబుర్లు?" అని అడిగాడు. నేను పియానో, టేపు, అని మొదలెట్టాను. డోరీనక్క నా మోచెయ్యి గిల్లింది. "కబుర్లేం లేవు, మీ దగ్గర?" అనాలట. ఆయన కూడా, "ఏం లేవు, దేవుడి దయ" అంటాడట. అదయ్యాకే అసలు సంగతి. ఇల్లు కాలిపోతున్నా ముందు కబుర్లేం లేవనే చెప్పాలంటే నాకు వింతగా తోచింది. తర్వాత ఆలోచిస్తే మనం కూడా ఆస్పత్రి మంచం మీంచి ‘బాగున్నాం, మీరు బాగున్నారా’ అనేవాళ్లమే కదా.

కప్పు ఖాళీ అయినప్పుడల్లా పోస్తూనే ఉన్నాడు. మర్యాదకి తాగుతూనే ఉన్నాను. ఆరో కప్పుకి గుండె దడ మొదలైంది. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలని లింబాద్రి అప్పుడు చెప్పాడు. ముందే చెప్పొచ్చుగా నాయనా అంటే, "మీకు ఇష్టమనుకున్న అమ్మా" అన్నాడు.

సయీద్ మిషను తీశాడు. చేత్తో మోసుకుపోయే రకం, కరెంటు లేకుండా ఆరు పెద్ద సెల్లులతో నడిచేది. కొత్త సెల్లులు వేసి, టేపుని రెండు వేళ్లతో పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి చుట్టాడు. మీట నొక్కాడు.

డోరీనక్క చెప్పింది నిజమే. కీచుమంటూ పరుగు. నవ్వొచ్చే పాట, ఏడవాల్సిన చోట. డోరీనక్క లేచి నిలబడింది. "విన్నావు గదా. ఇక పద" అంది. సయీద్ మీట మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ‘చిర్రు’మంది. పాటలో, ఒక స్వరం దగ్గర. మళ్లీ అదే స్వరం వచ్చినప్పుడు మళ్లీ చిర్రుమంది.

"ఆపొద్దు" అని అరిచాను. మర్యాద, పెద్దరికం ఏమీ గుర్తులేదు.

అది నా పిన్ను. చెబుతాను. ఆ రోజు మా నాన్న బిట్రగుంట క్లబ్బు పియానో శ్రుతి చేసి పైమూత తీసి పెట్టాడు. నేను లోపలికి తొంగి చూశాను, నా తలపిన్ను జారి తీగల వెనక పడి ఇరుక్కుంది. ఒక నల్ల మెట్టు నొక్కితే చిర్రుమంటుంది. మా నాన్న నా చెంప పగలగొట్టి పట్టకారు తీశాడు. మాస్టారు ఆ మెట్టు రెండుసార్లు నొక్కి చూసి, "ఉండనీ దావీదూ, తియ్యొద్దు" అన్నాడు. మా నాన్న నన్ను వరండాలోకి తోసేశాడు. కిటికీలోంచి విన్నాను మొత్తం. ఏ మెట్టుకి ఆ చిర్రు వస్తుందో నాకు చచ్చినా మర్చిపోవడానికి లేదు, చెంపదెబ్బ తిన్న మెట్టది.

ఇప్పుడు టేపులో ఆ చిర్రు దాని చోట లేదు. మూడు మెట్లు పైన ఉంది. సంచిలోంచి ఫోర్కు తీసి చెవి దగ్గర పెట్టుకుని చూశాను. పిన్ను ఎగిరి వేరే తీగ మీదికి పోదు కదా. పిన్ను అక్కడే ఉంది, పియానో మొత్తం పైకి జరిగింది. అంటే టేపు వేగంగా తిరుగుతోంది.

"మిషను బాగానే ఉందమ్మా, నేనే చేశాను" అన్నాడు సయీద్, కాస్త నొచ్చుకుని.

ఈ మిషను కాదు. ఆ మిషను. నాకు వరసగా గుర్తొచ్చింది. ఆ రోజు వాన, కరెంటు లేదు. ఎవరో స్నేహితుడి టేపు మిషను తెచ్చారు. కొత్త సెల్లులు దొరక్క మూడు రోజుల నుంచి ఎండబెట్టుకున్న పాత సెల్లులు వేశారు. సెల్లుల్లో బలం లేక టేపు నెమ్మదిగా తిరుగుతూ పాటని పట్టుకుంది. నెమ్మదిగా పట్టుకున్నదాన్ని బొంబాయి షాపులో మామూలు వేగంతో తిప్పితే, పరుగే. మాస్టారు పరిగెత్తలేదు. సెల్లులు పరిగెత్తించాయి.

నేను ఇదంతా హిందీలో, తెలుగులో, చేతులతో చెప్పాను. డోరీనక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. సయీద్ గడ్డం గోక్కున్నాడు. ఈ మిషనుకి వేగం తగ్గించే మీట లేదన్నాడు. తర్వాత మెల్లగా, "చచ్చిన సెల్లులు కావాలి. షాపులో అన్నీ కొత్తవే" అన్నాడు.

లింబాద్రి అప్పటికే కారు దగ్గరికి పరిగెత్తాడు.

ఆరు పాతవీ వేస్తే టేపు కదల్లేదు. మూడు పాతవీ మూడు కొత్తవీ వేస్తే మూలిగింది. నాలుగు కొత్తవి, రెండు లింబాద్రివి. నేను ఫోర్కు చెవికి పెట్టుకుని చెయ్యి పైకెత్తి ఉంచాను, శ్రుతి కలిస్తే దించుతానని. చిర్రు తన మెట్టు మీదికి దిగింది. చెయ్యి దించాను.

షాపంతా మారిపోయింది. ఎడమ చెయ్యి, స్టేషనుకి దగ్గరవుతున్న బండిలా, తొందర లేకుండా. కుడి చెయ్యి ఒక్కో స్వరం పెట్టి, అది చల్లారేదాకా ఆగి, ఇంకొకటి పెడుతోంది. డోరీనక్క గుమ్మం పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది, గడప మీదే. "డాడీ" అంది. అంతే.

ఈసారి ఎవరూ ఆపలేదు. పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతోంది, ఆపడం మర్చిపోయినట్టున్నారు. వాన చప్పుడు. తర్వాత మా నాన్న గొంతు. ముప్పై ఏళ్లయింది ఆ గొంతు విని.

"ఇప్పుడు తీసెయ్యనా మాస్టారూ, ఆ పిన్ను?"

"తియ్యొద్దు దావీదూ. డోరీన్ గాజుల్లా ఉంది ఆ చప్పుడు. గాజులు తియ్యమని ఊరికే అరిచేవాణ్ణి. ఇప్పుడు పక్కన కూర్చున్నట్టుంది. నీ కూతుర్ని కొట్టావే పాపం. పిలువు లోపలికి."

ఇంకా ఏదో అన్నాడు, సెల్లుల్లో ప్రాణం పోయింది, గొంతు కిందికి కిందికి జారి ఆగిపోయింది. నాకు యాభై ఐదేళ్లుగా ఒకటే నమ్మకం, పిల్లదని జాలిపడి నన్ను కాపాడాడని. పిన్ను ఆయనకే కావాల్సొచ్చిందని ఆ పూట తెలిసింది. నేనూ ఏడ్చాను. లింబాద్రి టేపు మిషను వంకే చూస్తూ నిలబడ్డాడు, నిజామాబాద్ జిల్లాలో ఉన్న తన కూతురి పేరు ఒకసారి పైకే అన్నాడు.

డబ్బులు తీస్తే సయీద్ చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ కహ్వా పోశాడు, నేను ఒక కప్పు తాగి బుద్ధిగా ఊపాను. తర్వాత, కొత్తగా వచ్చినవాళ్లని అడిగినట్టే డోరీనక్కని, "ఏం కబుర్లు?" అన్నాడు.

‘ఏం లేవు’ అనాలి కదా. ఆవిడ అనలేదు.

"ఉండాది. మా నాయన దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది" అంది హిందీలోనూ, తెలుగులోనూ.

మళ్లీ అజైబా

తిరుగుదారిలో చేపలు కొనడం మర్చిపోయాం. ఓబులమ్మ తలుపు తీసి, ఖాళీ చేతులు చూసి, "యాడ మా చేపలు?" అంది. తర్వాత డోరీనక్క మొహం చూసి నీళ్లు తెచ్చింది.

డోరీనక్క పర్సు పక్కన పెట్టి సరాసరి పియానో దగ్గర కూర్చుంది. గాజులు తియ్యలేదు. నెమ్మది పాట మొదలుపెట్టింది. రెండు చోట్ల తప్పింది, మళ్లీ వెనక్కి పోయి సరిచేసుకుంది. రావని చెప్పిన పాట అది. గాజులు గలగలమంటూనే ఉన్నాయి. ఓబులమ్మ గోడకి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పన్నెండేండ్లయె, ఇది ఎప్పుడూ వాయించలేదక్కా" అంది నాతో.

పాట ముగించి, ఆవిడ నా తల వంక చూసింది.

"నీ పిన్ను ఒకటి ఇస్తావా?"

నలభై ఏళ్లుగా పియానోల్లోంచి పిన్నులు, పెన్సిళ్లు, బలపాలు, ఒకసారి ఎలుకపిల్లని కూడా బయటికి తీశాను. చక్కగా శ్రుతి చేసిన పియానోలో నా చేతులారా పిన్ను వెయ్యడం అదే మొదటిసారి. పైమూత తీసి, అదే నల్ల మెట్టు తీగ వెనక సర్ది పెట్టాను. జారిపోకుండా కాస్త వంచాను కూడా. పని చేసినప్పుడు సరిగ్గా చెయ్యాలి.

సికింద్రాబాద్

వచ్చాక నేను లెక్కపెట్టుకున్నాను, ఈ ప్రయాణంలో ఎంతమందికి రుణపడ్డానో. సంచి సర్దిచ్చిన అబ్బాయి, నిమ్మకాయల పెద్దాయన, సయీద్, ఓబులమ్మ ఉగ్గాని, ప్రాణమున్న సెల్లుల్ని పారెయ్యని లింబాద్రి. ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా ఆ టేపు బిస్కట్ల డబ్బాతో సహా చెత్తలోకి పోయేది. దేవుడికి ప్రత్యేకంగా దండం పెట్టడం నాకు పెద్దగా చేతకాదు. ఆ ఆదివారం చర్చిలో మాత్రం మోకాళ్ల మీంచి అందరికంటే ఆలస్యంగా లేచాను.

డోరీనక్క కూనూరు చేరింది. పియానో అనుకున్నట్టే మస్కట్‌లోని స్కూలుకి పోయింది. నిన్న షీలా ఫోన్ చేసింది. స్కూలు మ్యూజిక్ టీచరు ఫిర్యాదు చేస్తోందట, అంతా బాగుంది గానీ ఒక నల్ల మెట్టు చిర్రుమంటోంది, సుగుణగారు చూసుకోకుండా వదిలేశారా, ఎవరినైనా పిలిపించి బాగుచేయించమంటారా అని.

"తియ్యొద్దని చెప్పు" అన్నాను.